కోబుర్గ్ ఊరి చిహ్నంలో ఆ నల్లటి తల ఎవరిది?

విభాగం: జర్మనీలో మనవాళ్ళు › చరిత్ర, కాలక్షేపం

ఉప్పాడ_కెరటం
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి కోబుర్గ్ వచ్చాను. బవేరియా ఉత్తరపు కొసన, 40 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. ఇక్కడ ఎటు చూసినా ఒకే బొమ్మ: పసుపు డాలు మీద పక్కకు తిరిగిన ఆఫ్రికా మనిషి తల, ఉంగరాల జుట్టు, చెవికి బంగారు రింగు. మున్సిపాలిటీ కాగితాల మీద అదే, బోర్డుల మీద అదే, చివరికి రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూతల మీదా అదే. నాతో చదివే నైజీరియా అబ్బాయి ఆ మూత చూసి టక్కున ఆగిపోయాడు. "మా తల మీద కాలు పెట్టి నడవాలా నేను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఊళ్ళో అడిగితే ఒకరు "అది మా మోర్" అన్నారు, ఇంకొకరు "సెయింట్" అన్నారు. ల్యాబ్‌లో ఒక పెద్దాయన నవ్వేసి "సాసేజ్ మనిషి" అన్నాడు. ఈ ముగ్గురూ ఒకరేనా? నెట్‌లో వెతికితే పోట్లాటలే తప్ప విషయం దొరకడం లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతనాణెం
తమ్ముడూ, ముగ్గురూ ఒకరే. 'మోర్' అంటే నల్లజాతి మనిషికి జర్మన్‌లో పాత మాట. ఆయన పేరు సెయింట్ మారిస్. జర్మన్లు మౌరిత్సియుస్ అంటారు, వాడుకలో మోరిట్స్. మీ ఊరి నడిమధ్యన మోరిట్స్ చర్చి ఉంది చూడండి, ఆయన పేరు మీదే. మన ఊళ్ళకు గ్రామదేవత ఉన్నట్టు అప్పట్లో అక్కడి ఊళ్ళకు ఒక్కో సెయింట్ ఉండేవాడు. కోబుర్గ్‌కు ఈయన.

కథ ఇదీ. మూడో శతాబ్దం చివర, రోమన్ సైన్యంలో ఈజిప్టులోని థీబ్స్ ప్రాంతం నుంచి వచ్చిన దళం ఒకటి ఉండేదట. అందరూ క్రైస్తవులే. వాళ్ళ నాయకుడు మారిస్. చక్రవర్తి మాక్సిమియన్ వాళ్ళను గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతానికి తీసుకెళ్తూ, ఆల్ప్స్ కొండల్లో అగౌనుం అనే చోట క్రైస్తవుల మీద కత్తి ఎత్తమన్నాడు. వాళ్ళు ఎత్తలేదు. పదిమందికి ఒకడి చొప్పున చంపించాడు. అయినా ఎత్తలేదు. మళ్ళీ అలాగే చంపించాడు. చివరికి దళం మొత్తాన్నీ నరికించాడు. ఆ చోటు ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో ఉంది, ఊరి పేరే సెయింట్ మారిస్. 515లో అక్కడ కట్టిన మఠం ఇంకా నడుస్తోంది.

దీన్ని మొదట వివరంగా రాసింది లియోన్ బిషప్ యూకేరియస్. అది ఐదో శతాబ్దం, అంటే జరిగిందని చెప్పే నాటికి నూటయాభై ఏళ్ళ తర్వాత. ఒక దళం దళాన్నే అలా చంపారంటే చరిత్రకారులు చాలామంది నమ్మరు. జరిగినా జరక్కపోయినా, జర్మన్ చక్రవర్తులు మాత్రం ఈ కథను గట్టిగా పట్టుకున్నారు. మొదటి ఒట్టో 937లో మాగ్డెబుర్గ్‌లో ఈయన పేర మఠం పెట్టాడు, తర్వాత ఆయన అస్థికలు కూడా తెప్పించాడు. సామ్రాజ్యపు పవిత్ర ఈటె కూడా ఈయనదేనని ప్రచారం ఉండేది. అంటే ఎక్కడో మారుమూల సాధువు కాదు, చక్రవర్తులు దండం పెట్టిన సైనికుడు.

అసలు విచిత్రం ఇంకొకటి. తొలి వందల ఏళ్ళ బొమ్మల్లో ఈయన తెల్లగానే ఉంటాడు. సుమారు 1240, 1250 మధ్య మాగ్డెబుర్గ్ కెథడ్రల్‌లో ఒక రాతి విగ్రహం చెక్కారు. అందులో మొదటిసారి స్పష్టమైన ఆఫ్రికా ముఖంతో, గొలుసు కవచం తొడుక్కుని నిలబడ్డాడు. అప్పటి నుంచి ఎల్బే నది పరిసరాల్లో, సాక్సనీ రాజుల ఏలుబడిలో మారిస్ అంటే నల్లని వీరుడే. పేరు 'మౌరుస్' (మూర్, అంటే ఉత్తర ఆఫ్రికా మనిషి) అనే లాటిన్ మాటకు దగ్గరగా ఉండటం ఒక కారణం అంటారు. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో ఆఫ్రికా వాళ్ళు ఉండటం, సామ్రాజ్యం లోకమంతటిదీ అని చాటుకోవాలన్న కోరిక ఇంకో కారణం అంటారు. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. పేరు ఒక్కటే కారణమైతే అంతకు ముందు వందల ఏళ్ళు తెల్లగా ఎందుకు చెక్కినట్టు?

పులిహోర_పార్శిల్
సాసేజ్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి? కోబుర్గ్ టౌన్‌హాల్ పైకి చూడు బ్రో. ముక్కోణపు గోడ చివర ఒక బొమ్మ చేతిలో కర్ర పట్టుకుని ఉంటుంది. అది మారిస్సే. కర్ర ఏమో సేనాపతి దండం. ఊరివాళ్ళు మాత్రం ఆయనకు బ్రాట్‌వుర్స్ట్ మనిషి అని పేరు పెట్టేశారు. ఆ కర్ర ఎంత పొడవో కోబుర్గ్ సాసేజ్ అంత ఉండాలట, సుమారు ఒక అడుగు. కింద మార్కెట్ చౌకులో పైన్ చెట్టు ఎండుకాయల నిప్పు మీద కాలుస్తారు. బన్నుకు అటూ ఇటూ బయటికొచ్చి వేలాడుతూ ఉంటుంది. వెజ్ అయితే వాసన చూసి వచ్చేయ్.

వైజాగ్_టు_వ్యుర్జ్‌బుర్గ్
కోబుర్గ్ అనగానే నాకు విక్టోరియా రాణి గుర్తొస్తుంది. ఆవిడ భర్త ఆల్బర్ట్ పుట్టింది అక్కడి రోజెనౌ కోటలోనే, 1819లో. వాళ్ళబ్బాయి ఏడో ఎడ్వర్డ్, మనవడు ఐదో జార్జ్, ఇద్దరూ సాక్స్-కోబుర్గ్-గోథా వంశం లెక్కే. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేరుంటే జనం ఊరుకోరని 1917లో విండ్సర్ అని మార్చుకున్నారు. మా వైజాగ్ కేజీహెచ్ పేరులో ఉన్న జార్జ్ ఆయనే! మరి ఈ నల్లటి తల బ్రిటిష్ రాజముద్రలోకి కూడా వెళ్ళిందా?

పాతనాణెం
వెళ్ళలేదండి. ఊరి చిహ్నం వేరు, ఊరిని ఏలిన వంశం చిహ్నం వేరు. కోబుర్గ్ 1353లో వెట్టిన్ వంశం చేతికి వచ్చింది. సాక్సనీ డ్యూకులు వాళ్ళే. వాళ్ళ డాలు మీద నలుపు, బంగారు పట్టీలు అడ్డంగా, వాటి మీదుగా ఏటవాలుగా ఆకుపచ్చ ఆకుల దండ ఉంటాయి. ఆల్బర్ట్ ఇంగ్లండుకు తీసుకెళ్ళింది అది. 1917 దాకా బ్రిటిష్ రాకుమారుల డాళ్ళ మధ్యలో చిన్నగా అది కనిపించేది. మారిస్ తల కోబుర్గ్ పౌరులది, డ్యూకులది కాదు.

రంగులడబ్బా
నేను లైప్‌జిగ్‌లో గ్రాఫిక్ డిజైనర్‌ని. ఈ డాళ్ళ గీత అంటే పిచ్చి. చరిత్ర పెద్దలు చెప్పారు కాబట్టి బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్తాను.

డాళ్ళ శాస్త్రంలో రంగులు రెండు రకాలు. బంగారు, వెండి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ రంగులు. లోహం మీద రంగు, రంగు మీద లోహం వెయ్యాలి. రంగు మీద రంగు వేస్తే దుమ్ములో, దూరం నుంచి కనబడదు. యుద్ధంలో ఎవడు మనవాడో తెలియకపోతే ప్రాణం పోతుంది కదా. బంగారం మీద నలుపు అన్నిటికంటే బాగా కనిపించే జోడీల్లో ఒకటి. జర్మన్ చక్రవర్తి గద్ద కూడా బంగారం మీద నలుపే. కోబుర్గ్ డాలు అందుకే అంత దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా ఉంటుంది.

తల చూసేవాళ్ళకు ఎడమవైపు తిరిగి ఉంటుంది. శాస్త్రం ప్రకారం అది కుడి. డాలు పట్టుకుని వెనకాల నిలబడ్డవాడి కుడి ఎడమలే లెక్క.

ఇక నాకు ఇబ్బందిగా అనిపించే సంగతి. మాగ్డెబుర్గ్ విగ్రహంలో కవచం ఉంది, యోధుడి నిలుపు ఉంది, ముఖంలో ఒక మనిషి ఉన్నాడు. డాలు మీదికి వచ్చేసరికి స్థలం తక్కువ. కవచం పోయింది, ఈటె పోయింది, తల చుట్టూ ఉండాల్సిన వెలుగు కూడా పోయింది. మిగిలింది తల. ఆ తల కూడా మారిస్‌ది కాదు. యూరప్ అంతా అచ్చుగుద్దినట్టు వాడుకున్న 'ఆఫ్రికా తల' నమూనా అది. ఉంగరాల జుట్టు, పెదవులు, చెవి రింగు. ఏ ఊరివాడు గీసినా అదే. ఏ తల ఎందుకు పెట్టారో బొమ్మ చూసి చెప్పలేం.

ఉదాహరణకు ఇటలీలోని సార్డీనియా దీవి జెండా మీద నాలుగు తలలు ఉంటాయి. అవి అరగాన్ రాజులు ఓడించిన శత్రువులవని ఆనవాయితీ. సెయింట్‌తో సంబంధమే లేదు. వాటికి కళ్ళ మీద ఉన్న గుడ్డ 1999లో నుదుటి మీదికి మార్చారు. మ్యూనిక్ దగ్గర ఫ్రైజింగ్ బిషప్పుల డాలు మీద ఎర్ర కిరీటం పెట్టుకున్న నల్లని తల ఉంటుంది. పోప్ పదహారో బెనెడిక్ట్ ఆ బిషప్ పీఠం నుంచి వచ్చినవాడే కాబట్టి తన చిహ్నంలో దాన్ని పెట్టుకున్నాడు. థ్యూరింగియాలోని ఐజెన్‌బెర్గ్‌లో ఇంకో కథ చెబుతారు: దొర భార్య గొలుసు పోతే ఆఫ్రికా సేవకుడి మీద దొంగతనం మోపారట. తల తీయబోయే వేళకి గొలుసు దొరికిందట. తప్పు దిద్దుకోవడానికి దొర ఆ తలనే తన డాలు మీద పెట్టుకున్నాడట. నిజానిజాలు దేవుడికెరుక. చూపేది ఒకే రకం తల, వెనక కథ మాత్రం ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కటి.

మిట్టె_మాటలపోగు
అందరూ బాగా రాశారు, కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. "అది సెయింట్ అండి" అని చెప్పేసి చేతులు దులుపుకోవడం చాలామందికి అలవాటైంది. నేను బెర్లిన్‌లో ఉంటాను. ఇక్కడ మోరెన్‌స్ట్రాసె (అంటే 'మోర్‌ల వీధి') అనే వీధి పేరు మార్చాలని 2020లో మిట్టె జిల్లా సభ తీర్మానించింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 2025 ఆగస్టులో మార్చారు. ఇప్పుడది ఆంటోన్ విల్హెల్మ్ ఆమో వీధి. ఆమో ఇప్పటి ఘనా ప్రాంతంలో పుట్టి, పద్దెనిమిదో శతాబ్దంలో హాల్లె, యేనా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పిన తత్వవేత్త. జర్మనీలో పుట్టి పెరిగిన నల్లజాతివాళ్ళలో చాలామందికి ఆ పాత మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో మనకి అర్థం కావాలి. మనల్ని ఇక్కడ రైల్లో ఎవడైనా చిన్నచూపు చూస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా.

2020లోనే కోబుర్గ్ చిహ్నం మార్చాలని ఆన్‌లైన్ పిటిషన్ వచ్చింది. మార్చొద్దంటూ ఎదురు పిటిషనూ వచ్చింది. నా ప్రశ్న సింపుల్. సెయింట్ మీద అంత గౌరవం ఉంటే ఆయన్ని సెయింట్‌లాగా గీయొచ్చు కదా? రంగులడబ్బా గారు చెప్పినట్టు కవచం, ఈటె, వెలుగు తీసేసి, చెవి రింగు ఒక్కటీ ఉంచారు. అది సైనికుడి నగా? రాజుల కొలువుల్లో అలంకారానికి నిలబెట్టిన నల్లజాతి కుర్రాళ్ళ బొమ్మల్లో కనిపించే నగ కాదూ?

పాతనాణెం
మిట్టె గారూ, ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ బొమ్మకు ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది తెలియకుండా మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

కోబుర్గ్ 1918 దాకా డ్యూకుల చిన్న రాజ్యం. డ్యూకు పోయాక థ్యూరింగియాలో కలవాలా వద్దా అని 1919 నవంబర్‌లో ఓటు పెడితే జనం వద్దన్నారు. 1920 జులై 1న బవేరియాలో కలిశారు. సరిగ్గా ఆ తర్వాతే ఊరి కథ చెడింది. 1922 అక్టోబర్‌లో 'జర్మన్ దినం' అని అక్కడ సభ జరిగితే హిట్లర్ మ్యూనిక్ నుంచి స్పెషల్ రైల్లో వందల మంది తన అనుచరులతో దిగాడు. వీధుల్లో కొట్లాటలు అయ్యాయి. దాన్ని వాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకున్నారంటే, పదేళ్ళ తర్వాత ఆ రోజు వచ్చినవాళ్ళకు కోబుర్గ్ బ్యాడ్జి అని ప్రత్యేకంగా చేయించి ఇచ్చారు. 1929 జూన్‌లో నగర సభలో నాజీలకు పూర్తి మెజారిటీ వచ్చింది. జర్మనీ మొత్తంలో అలా వచ్చిన మొదటి ఊరు ఇదే. అప్పటికి హిట్లర్ ఇంకా అధికారంలోకే రాలేదు.

అలాంటి ఊరి డాలు మీద ఆఫ్రికా తల! వాళ్ళ జాతి సిద్ధాంతానికి అంతకంటే పెద్ద అవమానం ఏముంటుంది? 1934లో తీసేశారు. దాని స్థానంలో కత్తి పెట్టి, ఆ కత్తి పిడి గుబ్బ మీద స్వస్తిక గుర్తు చెక్కారు. 1945లో అమెరికన్ సైన్యం వచ్చింది, నాజీ గుర్తులు పోయాయి, మారిస్ తిరిగొచ్చాడు.

కోబుర్గ్ వాళ్ళు ఇప్పుడు ఆ తలను తీయమంటే ఒప్పుకోకపోవడానికి ఇది పెద్ద కారణం. "ఒకసారి తీసినవాళ్ళు ఎవరో మాకు గుర్తుంది" అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేం.

మిట్టె_మాటలపోగు
చరిత్ర తెలుసుకోవడం మంచిదే. కానీ నాజీలు తీశారు కాబట్టి బొమ్మ మంచిదైపోదు అన్నా. వాళ్ళు నచ్చక తీసేసినవి బోలెడు, అవన్నీ లోపం లేనివేనా? పైగా 1929లో వాళ్ళకు ఓటేసింది ఆ ఊరి జనమే. వందల ఏళ్ళు నల్లజాతి సెయింట్‌ని నెత్తిన పెట్టుకున్న ఊరు, దేశంలో అందరికంటే ముందు జాతివాదులకు పట్టం కట్టింది. అంటే ఆ బొమ్మ వాళ్ళకి ఏం నేర్పినట్టు? నాకు ఈ ప్రశ్నే ఎక్కువ పీకుతుంది.

రంగులడబ్బా
↑ ఇది గట్టి పాయింట్. డాలు మీద బొమ్మ మనిషికి బుద్ధి చెప్పదు. రోజూ చూస్తే గోడ మీద క్యాలెండర్ అయిపోతుంది.

గుంటూరు_లూథరన్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతగారి కాలం నుంచి మేం లూథరన్లం. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొర స్థాపించిన సంఘం మాది. ఆయన అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఈ థ్రెడ్‌లో ఎవరూ ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పేరు ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే చిహ్నానికి అర్థం ఏమిటనే ప్రశ్నకు కోబుర్గ్ కొండ మీదే ఒక జవాబు దొరికింది.

1530లో ఔగ్స్‌బుర్గ్‌లో సామ్రాజ్య సభ జరుగుతోంది. లూథర్ మీద 1521 నుంచి చక్రవర్తి బహిష్కారం ఉంది, వెళ్తే పట్టుకుంటారు. అందుకని సాక్సనీ ప్రభువు తన రాజ్యంలో దక్షిణపు చివరన ఉన్న కోబుర్గ్ దాకా తెచ్చి, అక్కడ ఆపేశాడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మొదటివారం దాకా ఊరి పైనున్న వెస్టే కోటలో ఉన్నాడు. ఈస్టర్‌కి కింద మోరిట్స్ చర్చిలో ప్రసంగాలు చేశాడు.

ఆ కోటలో ఉన్నప్పుడే రాకుమారుడు యోహాన్ ఫ్రెడరిక్ ఆయన కోసం ఒక ముద్ర చేయించాడు. ఇప్పుడు లూథరన్లంతా వాడే లూథర్ గులాబీ అదే. జులై 8న నూరెంబర్గ్‌లోని స్నేహితుడు లాజరస్ ష్పెంగ్లర్‌కి రాసిన ఉత్తరంలో లూథర్ తన చిహ్నానికి తానే అర్థం చెప్పాడు. ఎర్ర గుండెలో నల్ల శిలువ: శిలువ బాధ పెడుతుంది, కానీ గుండె రంగు చెడగొట్టదు, ప్రాణం తీయదు. గుండె తెల్ల గులాబీలో ఉంది, విశ్వాసం ఇచ్చే ఆనందానికి, శాంతికి గుర్తు. ఎరుపు కాకుండా తెలుపు ఎందుకంటే అది దేవదూతల రంగు. చుట్టూ ఆకాశ నీలం, రాబోయే పరలోక ఆనందానికి. దాని చుట్టూ బంగారు వలయం, ఆ ఆనందానికి అంతం లేదని.

చిహ్నం ఎవరిదో వాళ్ళే కూర్చుని ఇది ఇందుకు, అది అందుకు అని రాసిపెట్టడం చాలా అరుదు. ఊరి డాలుకు అలాంటి ఉత్తరం ఉండదు. ఊరంటే ఒక మనిషి కాదు కదా. చర్చి ఒకటి చెప్తుంది, సాసేజ్ అమ్మేవాడు ఇంకొకటి చెప్తాడు, 1934లో మేయర్ మరొకటి చెప్తాడు.

ఇంకో సంగతి. లూథర్ తర్వాత కోబుర్గ్ మా మతంలోకి వచ్చేసింది. మా వాళ్ళు సెయింట్లకు మొక్కరు. అంటే కొలిచే ఆచారం పోయింది, పండుగ పోయింది, డాలు మీద బొమ్మ మాత్రం మిగిలింది. సెయింట్ మారిస్ అనాల్సిన చోట జనం నోట ఉత్త 'మోర్' మిగలడానికి ఇదే కారణమేమో అని నా ఊహ. కొలిచే మనిషి పేరు మర్చిపోం. కొలవడం మానేస్తే రంగు ఒక్కటే గుర్తుంటుంది.

పాతనాణెం
గుంటూరు గారూ, మంచి మాట. మీ ఊహకు బలం ఇచ్చేది ఒకటి ఉంది. మాగ్డెబుర్గ్, హాల్లె కూడా తర్వాత లూథర్ వైపే వెళ్ళాయి. కానీ హాల్లెలో అంతకు ముందు కార్డినల్ ఆల్బ్రెష్ట్ ఉండేవాడు, ఆయన గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడి చేత మారిస్ బొమ్మ వేయించాడు. సుమారు 1520 నాటిది, ఇప్పుడు మ్యూనిక్ ఆల్టె పినకోథెక్ మ్యూజియంలో ఉంది. మారిస్, ఎరాస్మస్ ఇద్దరు సెయింట్లు ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నట్టు వేశాడు. మారిస్‌కి వెండి కవచం, నగలు, నిండైన మనిషి. ఆ కార్డినల్ ఎవరో కాదు, ఎవరి పాపపరిహార పత్రాల వ్యాపారం మీద లూథర్ మొదట గొంతెత్తాడో ఆయనే! నల్లజాతి సెయింట్‌కి అంత గొప్ప బొమ్మ వేయించినవాడూ ఆయనే. చరిత్రలో మంచోడు, చెడ్డోడు అని గీత గీయడం కష్టం.

ఉప్పాడ_కెరటం
అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మా నైజీరియా ఫ్రెండ్‌కి మొత్తం చెప్పాను. వాడు క్యాథలిక్కే, సెయింట్ మారిస్ పేరు తెలుసు. మాగ్డెబుర్గ్ విగ్రహం ఫోటో ఫోన్లో చూపిస్తే చాలాసేపు చూశాడు. "ఈయన అయితే నాకేం ఇబ్బంది లేదు, గర్వంగా ఉంది" అన్నాడు. మరి డాలు మీద తల సంగతేంటి అంటే, "డాలు మీద ఉంటే ఉండనీ. కానీ సెయింట్ అయితే మురుగు కాలువ మూత మీద ఎందుకు పెట్టారు? మీ దేవుడి బొమ్మ అక్కడ పెడితే ఊరుకుంటారా?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకో డౌట్. జులైలో ఇక్కడ సాంబా పండుగ జరుగుతుంది, 1992 నుంచి జరుగుతోందట, బ్రెజిల్ బయట పెద్ద సాంబా పండుగల్లో ఒకటి. మా తెలుగు బ్యాచ్ టీషర్ట్ వేయించుకుందాం అనుకుంటున్నాం. వెనకాల ఊరి చిహ్నం వేయించొచ్చా?

పులిహోర_పార్శిల్
మూత సంగతి వాడు కరెక్ట్‌గా అడిగాడు. యూరప్‌లో ఊరి చిహ్నాన్ని మూతల మీద పోయడం మామూలే, బెర్లిన్‌లో కూడా ఊరి బొమ్మలు వేసిన మూతలున్నాయి. పెట్టినవాడికి అది మున్సిపాలిటీ సామాను అని గుర్తు, అంతే. కానీ అందులో ఉంది టీవీ టవరో, కోట గోడో అయితే ఒకటి, మనిషి ముఖం అయితే ఇంకొకటి.

ఫైలు_కదిలింది
టీషర్ట్ గురించి: అడక్కుండా వేయించకండి. బవేరియా పురపాలక చట్టం ప్రకారం ఊరి చిహ్నం ఊరి సొత్తు. బయటివాళ్ళు వాడాలంటే ఊరి అనుమతి కావాలి. టౌన్‌హాల్‌కి ఒక మెయిల్ పెట్టండి, ఏ పని మీద, ఎన్ని, ఎక్కడ వాడతారో రాయండి. స్టూడెంట్ బ్యాచ్ అంటే ఇవ్వకపోరు, కానీ ఫలానా రూపంలోనే వాడమంటారు. రంగులు మీ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు.

మిట్టె గారి ప్రశ్నకు కూడా ఇందులోనే కొంత జవాబు ఉంది. బొమ్మను మార్చడం మేయర్ ఒక్కడి చేతిలో లేదు. నగర సభ తీర్మానం చేయాలి, పైన ఉన్న పర్యవేక్షణ అధికారి ఒప్పుకోవాలి, అంతకు ముందు రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళ అభిప్రాయం తీసుకుంటారు. చరిత్రకు సరిపోతుందా, డాళ్ళ నియమాలకు నిలుస్తుందా అని వాళ్ళు చూస్తారు. అయితే డాళ్ళ శాస్త్రంలో బొమ్మను మాటల్లోనే వర్ణిస్తారు. అదే వర్ణనకు వేరే చేత్తో గీస్తే వేరే ముఖం వస్తుంది. ముఖం బాగు చేయడానికి చిహ్నాన్నే మార్చనక్కర్లేదు.

రంగులడబ్బా
అదే నేను చెప్పబోయాను. జర్మనీలో బోలెడు ఊళ్ళు పాత డాలును అలాగే ఉంచి కొత్తగా గీయించుకున్నాయి. గద్దలు, సింహాలు యాభై ఏళ్ళకోసారి కొత్త రూపం తెచ్చుకుంటాయి. మాగ్డెబుర్గ్ విగ్రహం ముఖం పక్కనుంచి చూసి గీస్తే బంగారం మీద నలుపు, పక్కకు తిరిగిన తల, అన్నీ అలాగే ఉంటాయి. ఆ నమూనా పెదవులు, ఆ రింగు పోతాయి. నా దగ్గర టైం ఉంటే ఒకటి గీసి పెడతా.

మిట్టె_మాటలపోగు
గీయండి, చూస్తాం. అలా వస్తే నేను సగం మెత్తబడతాను. మిగతా సగానికి ఇంకొకటి కావాలి: మ్యాన్‌హోల్ మూతలు మార్చాలి. కొత్తవి వేసేటప్పుడు ఊరి పేరు మాత్రం పోస్తే చాలు. పాతవి వాటంతట అవే అరిగిపోతాయి.

ఉల్మ్ వాళ్ళు 2020లో ఏం చేశారో చూడండి. క్రిస్మస్ బొమ్మల కొలువులో ముగ్గురు జ్ఞానుల్లో ఒకడైన మెల్కియోర్ బొమ్మను వెక్కిరింతగా చెక్కారని, ఆ ఏడు అక్కడి పెద్ద చర్చిలో ఆ ముగ్గురి బొమ్మలే పెట్టలేదు. చెక్కింది 1920ల్లో. నల్లజాతి జ్ఞానిని ఎవరూ వద్దనలేదు, ఆ చెక్కడాన్ని వద్దన్నారు. కోబుర్గ్‌లో కూడా గొడవ మారిస్‌తో కాదు కదా.

పాతనాణెం
మూతల విషయంలో నేనూ మీతోనే. డాలు కొత్తగా గీయించడం మాత్రం ఊరివాళ్ళు అడగాలి, మనం కాదు. ఉత్తరాల మీద, టౌన్‌హాల్ మీద ఆయన ఉండాలి. ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో, 1934లో ఎందుకు పోయాడో నాలుగు ముక్కలు పక్కన రాసి ఉంటే ఇంకా బాగుంటుంది.

ఉప్పాడ తమ్ముడూ, మీ ఫ్రెండ్‌ని ఒకసారి మాగ్డెబుర్గ్ తీసుకెళ్ళండి. విగ్రహం కెథడ్రల్ లోపల, అల్తారు వైపున్న భాగంలో ఉంటుంది. మోకాళ్ళ కింది భాగం విరిగిపోయింది, చేతిలో ఈటె లేదు, అయినా ముఖం చెక్కుచెదరలేదు. అదే కెథడ్రల్‌లో మొదటి ఒట్టో సమాధి కూడా చూడండి.

గుంటూరు_లూథరన్
వెళ్ళేటప్పుడు డాయ్‌చ్‌లాండ్ టికెట్ ఉంటే లోకల్ రైళ్ళలోనే వెళ్ళొచ్చు. ఎర్ఫుర్ట్ మీదుగా వెళ్తారు, హాల్లెలో దిగే తీరిక ఉంటే అక్కడ కూడా మోరిట్స్ పేరుతో పాత చర్చి ఒకటి ఉంది. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది కాబట్టి మాగ్డెబుర్గ్ కెథడ్రల్ లోపల తిరగనివ్వరు. శనివారం పెట్టుకోండి.

ఉప్పాడ_కెరటం
శనివారమే వెళ్తున్నాం. టౌన్‌హాల్‌కి మెయిల్ పెట్టాను, టీషర్ట్‌తో పాటు మూతల సంగతి కూడా మర్యాదగా రాశాను. జవాబొస్తే ఇక్కడే పెడతాను.